గేటు బయటి భద్రత

ఉక్కు కర్మాగారంలో అడుగుపెట్టే కార్మికుని తలపై హెల్మెట్, కాళ్ళకు గట్టి బూట్లు ఉండితీరాలి. క్రేన్ మోసుకుపోతున్న బరువు కింద నిలబడరాదు. లోపలి రైలు పట్టాలను ఎక్కడపడితే అక్కడ దాటరాదు. లోపల తిరిగే వాహనానికి వేగపరిమితి ఉంటుంది. ప్రమాదం జరిగితే విచారణ జరుగుతుంది, బాధ్యులెవరో తేల్చవలసి వస్తుంది. భిలాయ్ ఉక్కు కర్మాగారం ఈ క్రమశిక్షణకు వెలుపలిది కాదు. అయితే షిఫ్టు ముగించుకుని, ఖాళీ టిఫిన్ క్యారియర్‌ను హ్యాండిల్‌కు తగిలించుకుని, అదే కార్మికుడు సైకిలుపై గేటు దాటిన మరుక్షణం ఈ నియమాలన్నీ వెనుకనే నిలిచిపోతాయి. అతని పక్కనుంచి దూసుకుపోయే లారీకి కర్మాగారంతో పని ఉన్నా లేకపోయినా, అక్కడినుంచి అతని ప్రాణానికి అతనే పూచీ. జరగరానిది జరిగితే అది పోలీసు స్టేషనులో నమోదయ్యే అనేకానేక రోడ్డు ప్రమాదాలలో ఒకటి అవుతుంది. కర్మాగారపు భద్రతా పట్టికలో దానికి చోటుండదు.

ఈ విభజన రేఖను చెరిపివేయవలసిన సమయం వచ్చింది. కార్మికుడు ఇంటినుంచి గేటుకు, గేటునుంచి ఇంటికి చేరే దారి కూడా పనిలో భాగమేనని దేశపు అత్యున్నత న్యాయస్థానం, కొత్తగా అమలులోకి వచ్చిన కార్మిక చట్టం రెండూ అంగీకరిస్తున్న వేళ, నడిచేవారికీ సైకిలు తొక్కేవారికీ సురక్షితమైన దారి కావాలని కోరుతున్నవారి వాదనను పర్యావరణ ప్రేమికుల ముచ్చటగానో, ఆరోగ్య స్పృహ గలవారి సరదాగానో కొట్టిపారవేయడం చెల్లదు. అది కార్మిక భద్రతకు సంబంధించిన కోరిక. దానిని ఆ పేరుతోనే పిలవడం న్యాయం.

భిలాయ్‌ను ఇక్కడ ప్రత్యేకంగా ప్రస్తావించడానికి కారణం లేకపోలేదు. 1955 ఫిబ్రవరిలో సోవియట్ యూనియన్‌తో కుదిరిన ఒప్పందం ఫలితంగా, అప్పటి మధ్యప్రదేశ్‌లోని దుర్గ్ జిల్లా పల్లెల నడుమ ఈ కర్మాగారం వెలిసింది. 1959 ఫిబ్రవరి 4న తొలి బ్లాస్ట్ ఫర్నేస్‌ను రాష్ట్రపతి రాజేంద్రప్రసాద్ ప్రారంభించారు. దేశపు రైలుబండ్లు నేటికీ అధికభాగం ఇక్కడ తయారైన పట్టాలపైనే పరుగెడుతున్నాయి. ఉత్తమ సమగ్ర ఉక్కు కర్మాగారానికిచ్చే ప్రధానమంత్రి ట్రోఫీని భిలాయ్ పదకొండుసార్లు గెలుచుకుంది. ఉత్తరాంధ్ర జిల్లాలనుంచి పొట్ట చేతపట్టుకుని వెళ్ళిన తెలుగువారు అక్కడ తరాలుగా స్థిరపడ్డారు. ఖుర్సీపార్ వంటి బస్తీలలో తెలుగు మాట వినిపించడం నేటికీ వింత కాదు. కనుక భిలాయ్ వీధులలో ఏం జరుగుతున్నదన్నది తెలుగు పాఠకులకు ఎక్కడో దూరపు రాష్ట్రపు గొడవ కాదు.

పైగా అది అనుకోకుండా పెరిగిన ఊరు కాదు. కాగితంపై గీసి, కొలిచి కట్టిన పట్టణం. సెక్టార్లుగా విభజించి, సెక్టారుకు పాఠశాల, అంగడి అందుబాటులో ఉండేటట్లు, వెడల్పయిన అవెన్యూలు, వాటినుంచి చీలిన చిన్న వీధులు, దారి పొడవునా చెట్లు ఉండేటట్లు దానిని నిర్మించారు. ఆనాటి కార్మికునికి మోటారు వాహనం ఊహకందని విషయం. అందుచేత ఆ పట్టణం దానంతటదే నడిచేవారికీ, సైకిలు తొక్కేవారికీ అనువుగా అమరింది. షిఫ్టు మారే వేళ గేట్లవద్ద వరదలా కదిలే సైకిళ్ళు ఒక తరానికి భిలాయ్ ముఖచిత్రమే. ఏ భారతీయ నగరమైనా ఇప్పుడు కోట్లు వెచ్చించి తిరిగి సాధించాలనుకుంటున్న సదుపాయం ఆ ఊరికి పుట్టుకతోనే వచ్చిందన్నమాట.

కాలం మారింది. కర్మాగారంలో శాశ్వత ఉద్యోగుల సంఖ్య దశాబ్దాలుగా తగ్గుతూ వచ్చింది. వారు చేసిన పనులలో చాలా భాగాన్ని ఇప్పుడు కాంట్రాక్టు కార్మికులు చేస్తున్నారు. శాశ్వత ఉద్యోగికి టౌన్‌షిప్‌లో క్వార్టరు ఉంటుంది. స్కూటరో, మోటారు సైకిలో, కారో ఉంటుంది. కాంట్రాక్టు కార్మికునికి చాలా సందర్భాలలో ఈ రెండూ ఉండవు. అతడు టౌన్‌షిప్ అవతల సుపేలా, క్యాంప్, జాముల్ వైపునుంచో, చుట్టుపక్కల పల్లెలనుంచో రావాలి. అలా వచ్చేవాడు ముందుగా గ్రేట్ ఈస్టర్న్ రోడ్డును, అనగా ముంబై, కోల్‌కతా దిక్కులను కలిపే జాతీయ రహదారిని దాటాలి. ఆపైన హౌరా - ముంబై రైలు మార్గాన్ని దాటాలి. చెట్ల నీడన సాగే అందమైన అవెన్యూ అతనికి దక్కేది ఆ తరువాతనే. పట్టణాన్ని గీసినవారు ఎవరికోసం నీడను, వెడల్పును ఏర్పరచారో వారు మోటారు వాహనాలెక్కారు. ఇప్పుడు సైకిలుపై వచ్చేవానికి దక్కింది హైవే.

ఆ హైవే మీద రద్దీ తగ్గించడానికి కుమ్హారి, పవర్‌హౌస్, సుపేలా ప్రాంతాలలో ఫ్లయ్ ఓవర్లు కట్టారు. దూరప్రయాణం చేసే వాహనానికి వాటివల్ల మేలే. కాని వంతెన దిగే వాహనం ఏ వేగంతో దిగుతుందో, దాని కింద రోడ్డు దాటవలసినవారికి ఎంత వ్యవధి దొరుకుతుందో చూసినప్పుడే ఆ మేలు ఎవరి ఖాతాలో పడిందో తెలుస్తుంది. పనినుంచి ఇల్లు చేరేదాకా సాగే ప్రయాణంలో ఎంత ముప్పు పొంచి ఉన్నదో భిలాయ్ పరిసరాలకు ఎవరూ చెప్పనక్కరలేదు. 2024 ఏప్రిల్ 9 రాత్రి కుమ్హారి సమీపంలో, ఒక పరిశ్రమలో డ్యూటీ ముగించుకుని ఇళ్ళకు మరలిన కార్మికుల బస్సు మట్టి తవ్విన గోతిలో పడి పన్నెండుమంది మరణించారు. వారు సైకిళ్ళపై లేరు, నిజమే. కాని వారు చనిపోయింది కూడా గేటుకూ ఇంటికీ నడుమనే.

దేశవ్యాప్తంగా పరిస్థితి ఏమంత మెరుగ్గా లేదు. కేంద్ర రోడ్డు రవాణా మంత్రిత్వశాఖ లెక్కల ప్రకారం 2022లో రోడ్డు ప్రమాదాలలో 1,68,491 మంది మరణించారు. వారిలో పాదచారులు 32,825 మంది, సైకిళ్ళపై వెళ్తున్నవారు 4,836 మంది. రెండూ కలిపితే 37,661. అంటే సగటున రోజుకు నూటికి పైగా ప్రాణాలు. రోజూ ఒక నిండు రైలుపెట్టె జనం నశించిపోతే దేశం అట్టుడికిపోదా? వీరు ఒక్కొక్కరుగా, ఒక్కొక్క ఊళ్ళో పోతున్నారు గనుక వార్త జిల్లా పేజీ దాటదు. 2023లో మొత్తం మృతుల సంఖ్య 1.72 లక్షలు దాటింది. మరణించిన ఈ పాదచారులలో, సైకిలుదారులలో ఎందరు పనికి పోతున్నవారో, ఎందరు పనినుంచి వస్తున్నవారో ఈ నివేదికల పట్టికలలో కానరాదు. ఏ వాహనం, ఏ రోడ్డు, ఏ వేళ అన్నవాటికి గడులున్నాయి గాని, ఏ పనిమీద అన్నదానికి గడి లేదు.

ఆ గడి ఎందుకవసరమో 2025 జూలై 29న సుప్రీంకోర్టు వెలువరించిన తీర్పు చదివితే బోధపడుతుంది. మహారాష్ట్రలో ఒక చక్కెర కర్మాగారపు కాపలాదారు 2003 ఏప్రిల్‌లో, తెల్లవారుజామున మూడింటికి మొదలయ్యే డ్యూటీకి మోటారు సైకిలుపై బయలుదేరి, ఇంకా అయిదు కిలోమీటర్లు ఉందనగా ప్రమాదంలో మరణించాడు. అతని కుటుంబానికి పరిహారం ఇవ్వాలని కమిషనర్ ఆదేశించారు. గేటు చేరకముందు జరిగినది పనిలో జరిగిన ప్రమాదం కాదంటూ బొంబాయి హైకోర్టు దానిని కొట్టివేసింది. న్యాయమూర్తులు మనోజ్ మిశ్రా, కె.వి. విశ్వనాథన్‌ల ధర్మాసనం ఆ కమిషనర్ ఆదేశాన్నే నిలబెట్టింది. ఇంటినుంచి పనిచోటుకు సాగే ప్రయాణానికి, ఉద్యోగానికి సమయం, స్థలం, సందర్భాలనుబట్టి సంబంధం రుజువైతే అది ఉద్యోగంలో భాగమేనని స్పష్టం చేసింది. ఇ.ఎస్.ఐ. చట్టంలో 2010లోనే ఈ మేరకు సవరణ వచ్చింది. 2025 నవంబరు 21న అమలులోకి వచ్చిన సామాజిక భద్రతా కోడ్ సైతం ఇదే సూత్రాన్ని అనుసరించింది. ఆ కాపలాదారు భార్యాబిడ్డలకు ఈ మాట చెప్పడానికి వ్యవస్థకు ఇరవైరెండేళ్ళు పట్టిందన్నది వేరే విషయం.

అయితే పరిహారం మరణానంతర వ్యవహారం. చేతులు కాలాక పట్టుకునే ఆకులవంటిది. దారిలో పోయిన ప్రాణానికి యాజమాన్యం డబ్బు చెల్లించాలని చట్టం అంటున్నప్పుడు, ఆ దారి ఎలా ఉందో చూసుకోవలసిన అవసరం యాజమాన్యానికి లేదనడం తర్కానికి నిలవదు. కర్మాగారం లోపల భద్రత పెరగడానికి కారణం కేవలం దయ కాదు. ప్రమాదం ఖరీదైనదని తేలడం కూడా ఒక కారణమే. అదే లెక్క రోడ్డుకు వర్తించకూడదా?

దారి విషయంలో సుప్రీంకోర్టు ఇంకొక మాట కూడా చెప్పింది. కోయంబత్తూరుకు చెందిన ఎముకల వైద్యనిపుణులు డాక్టర్ ఎస్. రాజశేఖరన్ 2012లో దాఖలు చేసిన ప్రజాప్రయోజన వ్యాజ్యంలో 2025 మే 14న న్యాయమూర్తులు అభయ్ ఎస్. ఓకా, ఉజ్జల్ భూయాన్‌ల ధర్మాసనం, అడ్డంకులు లేని కాలిబాట పాదచారుల హక్కు అనీ, అది రాజ్యాంగంలోని 21వ అధికరణం ప్రసాదించిన జీవించే హక్కులో అంతర్భాగమనీ ప్రకటించింది. విరిగిన ఎముకలను అతికించే వైద్యుడు, అవి విరగకుండా చూడమని న్యాయస్థానం గడప ఎక్కవలసిరావడం ఆలోచింపజేసే విషయం. ఈ వ్యాజ్యంలోనే 2025 అక్టోబరు 7న న్యాయమూర్తులు జె.బి. పార్దీవాలా, కె.వి. విశ్వనాథన్‌ల ధర్మాసనం మరొక అడుగు ముందుకు వేసింది. 2019 సవరణ ద్వారా మోటారు వాహనాల చట్టంలో చేరిన 138(1ఏ) విభాగం కింద, పాదచారులు, మోటారులేని వాహనాల సంగతి నియంత్రించే నియమాలను ఆరు నెలలలో రూపొందించాలని రాష్ట్రాలను ఆదేశించింది. చట్టం అధికారమిచ్చిన ఆరేళ్ళకు, కోర్టు గడువు విధిస్తే తప్ప రాష్ట్రాలకు నడిచేవారు గుర్తుకురాలేదు. ఛత్తీస్‌గఢ్ గాని, ఆంధ్రప్రదేశ్, తెలంగాణలు గాని ఈ ఆదేశానికి అతీతం కాదు.

ప్రమాణాలు లేక కాదు. సైకిలు బాటలను ఎలా వేయాలో భారత రహదారుల సంస్థ 1962లోనే గ్రంథస్థం చేసింది. కాలిబాటకు అడ్డులేని వెడల్పు కనీసం 1.8 మీటర్లు ఉండాలని అదే సంస్థ నిర్దేశించింది. రవాణా ప్రణాళిక వాహనాలకోసం కాక మనుషులకోసం జరగాలని 2006 నాటి జాతీయ పట్టణ రవాణా విధానం చెప్పింది. రోడ్డు నిర్మాణంలో ప్రమాణాలను పాటించక మరణానికి కారణమైన కాంట్రాక్టరుకు, అధికార సంస్థకు జరిమానా విధించే నిబంధన కూడా 2019లో వచ్చింది. దాని గరిష్ఠ పరిమితి లక్ష రూపాయలు! ఒక వంతెనకయ్యే ఖర్చుముందు ఈ మొత్తం ఏపాటిదో చెప్పనక్కరలేదు.

భిలాయ్‌లో అసలు చిక్కు మరొకటి ఉంది. టౌన్‌షిప్ వీధులు కర్మాగారం అధీనంలో ఉంటాయి. వాటిని దాటితే ఒకవైపు భిలాయ్ నగరపాలక సంస్థ, మరొకవైపు రిసాలీ, ఇంకొంచెం ముందుకు వెళ్తే భిలాయ్-చరోదా, దుర్గ్ నగరపాలక సంస్థలు. హైవే ఒకరిది, రైలు మార్గం మరొకరిది, ట్రాఫిక్ పోలీసులది. ఒక కార్మికుడు అరగంట సైకిలు తొక్కి పనికి చేరుకునేసరికి నలుగురైదుగురు యజమానుల భూమిమీదుగా వస్తాడు. ఒకరి హద్దులో ఎంత చక్కని బాట ఉన్నా అది పక్కవారి హద్దువద్ద తెగిపోతే దానివల్ల ప్రయోజనం సగమే. తెగినచోటే ప్రమాదం. నలుగురు కలిసి పోషించే పాడిపశువు చందాన, అడిగినప్పుడు ప్రతివారూ అవతలివారిని చూపించడం ఇక్కడ సులువు.

ఇంతకూ సైకిలు వాడేదెవరు, అందరూ మోటారు సైకిళ్ళు కొంటున్నారు గదా అనే ప్రశ్న వినిపిస్తుంది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ఆ సందేహం తీరుస్తుంది. దేశంలో దాదాపు సగం కుటుంబాలకు సైకిలు ఉండగా ఛత్తీస్‌గఢ్‌లో ఆ నిష్పత్తి 70 శాతానికి పైగా ఉంది. 2011 జనాభా లెక్కలు, వ్యవసాయేతర రంగంలో సుమారు నాలుగున్నర కోట్లమంది నడిచి, రెండు కోట్ల అరవై లక్షలమంది సైకిలుపై పనికి వెళ్తున్నారని తేల్చాయి. కారులో వెళ్ళేవారు మూడు శాతానికి లోపే. లెక్క పాతదే, నిష్పత్తులు మారి ఉండవచ్చు. అయినా ఏ రోడ్డు డిజైన్‌లోనైనా ముందుగా కనిపించేది ఆ మూడు శాతం సౌకర్యమే.

ప్రభుత్వాలు సైకిలును తిరస్కరించాయనడానికి కూడా వీలులేదు. ఛత్తీస్‌గఢ్ రెండు దశాబ్దాలుగా సరస్వతీ సైకిల్ యోజన కింద హైస్కూలులో చేరే బడుగు కుటుంబాల బాలికలకు సైకిళ్ళు ఇస్తోంది. బీహార్‌లో 2006లో మొదలైన ఇటువంటి పథకంవల్ల బాలికల హైస్కూలు చేరికలు సుమారు ముప్పై శాతం పెరిగినట్టు ఆర్థికవేత్తల అధ్యయనంలో వెల్లడయింది. 2025 సెప్టెంబరు 22నుంచి కేంద్రం సైకిళ్ళపై జి.ఎస్.టి.ని 12నుంచి 5 శాతానికి తగ్గించింది. సైకిలు ఇచ్చారు, పన్ను తగ్గించారు. ఆ పిల్ల సైకిలు తొక్కుతూ లారీల సరసన హైవే ఎక్కవలసి వస్తుందన్న సంగతి మాత్రం ఏ శాఖ ఫైలులోకీ రాలేదు. కొడుక్కి పెళ్ళి చేసి కాపురానికి ఇల్లు చూపనట్టుంది ఈ వ్యవహారం.

ఉన్న రోడ్డులో కొంత భాగాన్ని సైకిళ్ళకు ప్రత్యేకిస్తే ఏమవుతుందో ఢిల్లీ అనుభవం చెబుతుంది. 2008లో అంబేద్కర్ నగర్ - మూల్‌చంద్ మధ్య బస్సులకు, సైకిళ్ళకు వేరు బాటలతో కారిడార్ ప్రారంభమైతే కార్ల యజమానులనుంచి పెద్ద దుమారం లేచింది. 2012లో హైకోర్టు ఆ పథకాన్ని సమర్థించినా 2016లో దానిని తొలగించారు. బస్సు ఎక్కేవారికి, సైకిలు తొక్కేవారికి గొంతు లేకపోవడమే అక్కడ జరిగిన లోపం. 2023 అక్టోబరు 1న హైదరాబాదు అవుటర్ రింగ్ రోడ్డు పక్కన సౌరఫలకాల పైకప్పుతో 23 కిలోమీటర్ల సైకిలు మార్గం ప్రారంభమైంది. ముచ్చటైన నిర్మాణమే, కాదనలేము. అయితే ఎండనుంచి రక్షణ కావాలన్న కోరిక సాయంకాలపు వ్యాయామానికి వచ్చేవానికన్నా మధ్యాహ్నం రెండింటి షిఫ్టుకు వెళ్ళేవానికే ఎక్కువ ఉంటుంది.

సైకిళ్ళ దేశమని పేరుపొందిన నెదర్లాండ్స్‌లో సైతం దారులు ఊరకే రాలేదు. 1971లో ఆ చిన్న దేశంలో మూడువేలకు పైగా ప్రజలు రోడ్లపై మరణించారు, అందులో నాలుగువందలకు పైబడి పిల్లలు. పిల్లల హత్యలు ఆపండి అనే పేరుతోనే తల్లిదండ్రులు ఉద్యమించారు. ప్రమాదం అన్న మెత్తని మాటను వారు వాడలేదు.

మన దేశంలో ఆ కోరికను వినిపించేవారు లేకపోలేదు. న్యాయస్థానాలకెక్కిన వైద్యులు, రోడ్డు భద్రతపై జీవితాంతం పరిశోధించిన ఢిల్లీ ఐ.ఐ.టి. ఆచార్యులు స్వర్గీయ దినేష్ మోహన్ వంటివారు, నగరాలలో సైకిలు సంఘాలవారు ఉన్నారు. లేనిది కార్మిక సంఘాల గొంతు. వేతన ఒప్పందం, బోనస్, క్వార్టర్ల మరమ్మతులు చర్చకు వచ్చే సమావేశంలో గేటుకు వెళ్ళే దారి ఎందుకు రాకూడదు? పెద్ద సంఘాల సభ్యులు ఎక్కువగా మోటారు వాహనాలపై వస్తారు గనుక అనుకోవాలేమో. అదే నిజమైతే వారికీ ఒక లెక్క గుర్తుచేయాలి. 2022 మృతులలో 44 శాతానికి పైగా ద్విచక్ర మోటారు వాహనాలపై వెళ్తున్నవారే. లారీని నెమ్మదింపజేసే ఏర్పాటు సైకిలు తొక్కేవానికెంత రక్షణో మోటారు సైకిలువానికీ అంతే.

చేయవలసిన పనులలో చాలావాటికి వేలకోట్లు అక్కరలేదు. అన్నిటికన్నా ముందు వేగం. కారు గంటకు 50 కిలోమీటర్లకు బదులు 65 కిలోమీటర్ల వేగంతో ఢీకొంటే పాదచారి మరణించే అవకాశం నాలుగున్నర రెట్లు పెరుగుతుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. ఉదయం ఆరు, మధ్యాహ్నం రెండు, రాత్రి పది గంటల షిఫ్టులకు అటూఇటూ కాస్సేపు గేట్లకు చేరే రోడ్లపై భారీ వాహనాలను ఆపివేయడానికి ఒక ఉత్తర్వు చాలు. లోపలికి వచ్చే లారీలలో అత్యధికం కర్మాగారం సరకుకోసమే గనుక ఆ షరతును రవాణా కాంట్రాక్టులోనే చేర్చవచ్చు. కూడళ్ళవద్ద ఎత్తు చేసిన దాటుబాటలు, రైలు మార్గం కిందుగా వెళ్ళే దారులలో దీపాలు, వర్షాకాలంలో నీరు నిలవని ఏర్పాటు, హైవే పక్కన తెగని సైకిలు బాట - వీటికి ఖర్చవుతుంది. ఆ ఖర్చును నగరపాలక సంస్థలు, రహదారుల అధికారులు, కర్మాగారం పంచుకోవాలి.

జనవరిలో రోడ్డు భద్రతా మాసోత్సవం వస్తుంది, పోలీసులు కరపత్రాలు పంచుతారు. మార్చి 4న జాతీయ భద్రతా దినోత్సవం వస్తుంది, కర్మాగారాలలో ప్రతిజ్ఞలు చేయిస్తారు. ఒకటి గేటు బయటిది, ఒకటి లోపలిది. రెండింటి నిర్వాహకులు ఒక బల్లచుట్టూ కూర్చున్న దాఖలా అరుదు. కార్మిక ప్రతినిధులతో కూడిన భద్రతా కమిటీ పెద్ద కర్మాగారాలకు చట్టం విధించినదే. భిలాయ్ భద్రతా కమిటీ తన తదుపరి సమావేశానికి నగరపాలక సంస్థల ఇంజనీర్లను, రహదారుల అధికారులను, ట్రాఫిక్ పోలీసులను, కాంట్రాక్టు కార్మికుల ప్రతినిధులను పిలవాలి. గడచిన అయిదేళ్ళలో డ్యూటీకి వస్తూ, డ్యూటీనుంచి వెళ్తూ రోడ్డుపై మరణించినవారి జాబితాను, ఒక్కొక్కరు ఎక్కడ, ఏ వేళ పోయారో గుర్తుపెట్టిన పట్టణ పటాన్ని వారి ముందుంచాలి. శాశ్వత ఉద్యోగి అని, కాంట్రాక్టు కార్మికుడు అని ఆ జాబితాలో తేడా చూపరాదు.